పాయింటుకు ఎన్ని పైసలు?

పసుపు పండించే ఇంట్ల పుట్టినోళ్లకు ఒక ముచ్చట ఎవ్వరూ నేర్పాల్సిన పనిలేదు. అదే పసుపు, అదే సంచి. కల్లం కాడికి వచ్చిన బేరగానికి అమ్మితే ఒక ధర, మెట్‌పల్లిల ఇంకో ధర, బండి కట్టి నిజామాబాద్ యార్డుకు తీస్కపోతే మరో ధర. యార్డుల ధర ఎక్కువున్నా సరే, కిరాయి, హమాలీ, తరుగు తీసేస్తే చేతికి ఎంత మిగుల్తదో లెక్క చూసుకున్నంకనే బండి కదుల్తది. క్రెడిట్ కార్డు రివార్డు పాయింట్ల కథ గూడ గిట్లనే ఉంటది. గని ఈ సంచిని మాత్రం మనోళ్లు తూకం గూడ చూడకుంట కల్లం కాడనే ఇచ్చేస్తున్నరు.

ఇప్పుడు జగిత్యాలకు ఫోన్ కొనేతందుకు పోతే దుకాణంలనే ఒక పిల్లగాడు ట్యాబ్ పట్టుకొని నిలవడి ఉంటడు. "అన్నా, కార్డు తీస్కో, లైఫ్‌టైమ్ ఫ్రీ, పాయింట్లు గూడ వస్తయి" అంటడు. పాయింటంటే ఎంత అని అడిగినోడు నాకైతే కనవడలే. మా దోస్తులల్ల ఒగలిద్దరికి ఆరేసి వేల పాయింట్లు జమైనయి. ఆరు వేల పాయింట్లంటే ఎన్ని రూపాయలు రా అంటే ఒగడు ఆరు వేలంటడు, ఒగడు పదిహేను వందలంటడు. కార్డులు వేరైతే ఇద్దరి మాట గూడ నిజమే కావచ్చు. గమ్మత్తంత అక్కడనే ఉన్నది.

పాయింటుకు ఎమ్మార్పీ ఉండది. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుల ఒక పాయింటంటే ఒక రూపాయి లెక్క. ఎస్‌బీఐ సింప్లీక్లిక్ కార్డుల ఒక పాయింటంటే పావలా, అంటే 25 పైసలు. ఇగ హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా అసొంటి కార్డులల్ల ఇంకో తిరకాసు ఉంటది. కార్డు ఒక్కటే, పాయింటు ఒక్కటే, గని ఏ కిటికీ కాడ ఇస్తే ఆ ధర. విమానం టికెట్లకు, హోటళ్లకు వాడితే పాయింటుకు 50 పైసలు. వోచర్లు, సామాన్లు తీసుకుంటే 35 పైసల దాక. బిల్లుల పైసలు తగ్గించుమంటే 20 పైసలే. ఈ రేట్లు బ్యాంకులు మార్చుకుంటనే ఉంటయి, అందుకే మీ కార్డు రేటు ఏందో మీరు బ్యాంకు యాప్‌ల ఇయ్యాలటిది చూసుకోవాలె. అయితే లెక్క చూడుండ్రి. నాలుగు వేల పాయింట్లు ఒక కాడ 2,000 రూపాయలు, ఇంకో కాడ 1,400, మరో కాడ 800. చేసే పని ఒక్కటే, ఫోన్ మీద వేలు వెట్టుడు. 1,200 రూపాయల ఫరక్. సిరిసిల్లల సాంచా నడిపే మనిషికైనా, కోరుట్లల బీడీలు చేసే అమ్మకైనా 1,200 అంటే ఒక్క దినం కూలి కాదు, కొన్ని దినాల కూలి.

పైసల లెక్క మనకు కొత్త గూడ కాదు. సాంచాల మీద నేసిన బట్టకు మీటరుకు ఇన్ని పైసలని లెక్కగట్టి కూలి తీసుకునే ఊరు సిరిసిల్ల. మీటరుకు అయిదు పైసలు తగ్గిస్తే సమ్మె చేస్తరు. బీడీల కార్ఖానల వెయ్యికి ఎన్ని తీసి పారేసిండ్రో అమ్మలక్కలు వేళ్ల మీద చెప్తరు. అసొంటి ఇండ్లల్ల పుట్టిన పిల్లలు పాయింటుకు 30 పైసలు ఎక్కువ తక్కువ అయితుంటే చూడకపోవుడు నాకు ఎప్పుడూ వింతగనే ఉంటది.

లెక్క ఎట్ల గట్టాలె

చానా సులువు. పాయింట్లతోటి మీకు వచ్చే వస్తువుగాని, టికెట్‌గాని, వోచర్‌గాని బయట పైసలిచ్చి కొంటే ఎంతకొస్తదో చూడుండ్రి. దాంట్లకెల్లి మీరు ఎదురిచ్చే ఖర్చులన్ని తీసెయ్యిండ్రి. మిగిలినదాన్ని పాయింట్లతోటి భాగిస్తే పాయింటుకు ఎన్ని పైసలు వడ్డయో ఎల్లుతది. గంతే. బ్యాంకోడు చెప్పిన ధర కాకుంట బజార్ల ధర పట్టాలె, అది ఒక్కటి యాది పెట్టుకోవాలె.

ఒక మిక్సీ సంగతి చూద్దం. బ్యాంకు కేటలాగుల 14,000 పాయింట్లకు ఒక మిక్సీ ఉంది అనుకోండి. పక్కన దాని ధర 4,200 అని రాసి ఉంటది. అబ్బో, పాయింటుకు 30 పైసలు వచ్చినయ్ అనిపిస్తది. అదే కంపెనీ, అదే మోడల్ నంబరు ఫోన్‌ల ఆన్‌లైన్ దుకాణంల కొట్టి చూస్తే 2,800కే ఉంటది. అంటే మీకు వడ్డది పాయింటుకు 20 పైసలు. కేటలాగుల రాసేది ఎక్కువసార్లు డబ్బా మీది ఎమ్మార్పీ. మన దిక్కు ఎమ్మార్పీకి మిక్సీ ఎవలు కొంటరు? కోరుట్ల బజార్ల ఏ దుకాణంలకు పోయినా బేరం చేయకుంట తెచ్చుకునేటోడు లేడు. ఈ అంకెలు నేను లెక్క కోసం పెట్టినయే, గని మీ యాప్ తెరిచి ఏదో ఒక వస్తువు మీద చేసి చూడుండ్రి, తెలుస్తది.

ఇగ చేతికి రాకముందే తినే ఖర్చు ఒకటి ఉంది. చానా బ్యాంకులు పాయింట్లు మార్చుకున్న ప్రతిసారి 99 రూపాయలు తీసుకుంటయి. దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 116 రూపాయల 82 పైసలు. అది అప్పుడే కనవడది, తర్వాతి నెల బిల్లుల వస్తది. 500 పాయింట్లున్నయని ఉత్సాహంగ పావలా లెక్కన మార్చుకుంటే 125 రూపాయలు. ఖర్చు పోను మిగిలేది 8 రూపాయల 18 పైసలు. చాయ్ గూడ రాదు. అదే పావలా లెక్కన 8,000 పాయింట్లు ఒక్కసారి మార్చుకుంటే 2,000ల 117 పోవుడు పెద్ద బాధ కాదు. అందుకే ఈ రుసుము ఉన్న కార్డులల్ల పాయింట్లను జమ చేసి ఒక్క దెబ్బకు మార్చుకోవాలె. అట్లని ఏండ్ల తరబడి దాచిపెట్టొద్దు. చానా కార్డులల్ల పాయింట్లకు రెండేండ్లు, మూడేండ్లు గడువుంటది, ముందుగల వచ్చినయి ముందుగల పోతయి. పైంగ బ్యాంకు ఎప్పుడు రేటు తగ్గిస్తదో తెల్వదు. ఇంట్ల పసుపు దాస్తే రేటు పెరిగినా పెరుగుతది. పాయింట్ల రేటు పెరిగిన దాఖలాలు మాత్రం తక్కువ.

వోచర్ల ముచ్చట గూడ ఒకటి చెప్పాలె. 1,000 రూపాయల వోచర్ అంటే 1,000 రూపాయలు కాదు, మీరు ఎట్లాగూ అక్కడ కొనేది ఉంటేనే 1,000. హైదరాబాద్‌ల తప్ప దుకాణం లేని బట్టల కంపెనీ వోచర్ జగిత్యాలల ఉండే పిల్లకు ఎందుకు పనికొస్తది? బస్సు కిరాయి పెట్టుకొని పోయి, వోచర్ మీద ఇంకో 1,500 వేసి, అక్కర లేని డ్రెస్ తెచ్చుకునుడు లాభం కాదు. ఫోన్ రీచార్జి, కరెంటు బిల్లు, సరుకులు ఆర్డర్ పెట్టే యాప్‌ల వాడేటివి తీసుకుంటే పూర్తి విలువ వడ్తది. వోచర్‌కు గూడ గడువుంటది, అది వేరే.

కొన్ని కార్డులల్ల ఎటు తిరిగినా పావలే. అట్లాంటి కార్డు ఉన్నోళ్లు కేటలాగులల్ల తిరిగి తిరిగి పరేషాన్ కావొద్దు. బిల్లుల తగ్గించుకునే దారి ఉంటే గదే మేలు. ఒక్క జాగ్రత్త: పాయింట్ల పైసలు బిల్లుల జమైనా, చానా బ్యాంకులు దాన్ని మీరు కట్టిన పైసల కింద లెక్కవెట్టవు. కనీసం కట్టాల్సింది మీ జేబుల నుంచి గడువు లోపల్నే కట్టాలె. "పాయింట్లతోటి కట్టేసిన గదా" అని ఊకుంటే లేటు ఫీజు వడ్తది.

ఈ పాయింట్లు ఎవలి పైసలు

దుకాణంల కార్డు గీకితే దుకాణపాయన ఆ పైసలల్లకెల్లి కొంత శాతం బ్యాంకుల పక్కకు ఇస్తడు. మన దగ్గర క్రెడిట్ కార్డుకు అది దగ్గర దగ్గర రెండు శాతం. దాంట్ల ఎక్కువ భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకు పోతది. బ్యాంకు దాంట్లకెల్లి గోరంత తీసి మనకు పాయింట్ల రూపంల ఇస్తది. యూరప్‌ల 2015ల చట్టం వెట్టి, కార్డు ఇచ్చిన బ్యాంకుకు పోయే వాటాను క్రెడిట్ కార్డుల మీద 0.3 శాతానికి కట్టేసిండ్రు. ఆడ కార్డుల మీద మన లెక్క పాయింట్ల వాన ఉండకపోనికి అదొక పెద్ద కారణం. బ్యాంకు మన మీద ప్రేమతోటి ఇచ్చేది కాదని చెప్పనీకే ఈ ముచ్చట.

మన ఊర్లల్ల ఏమైతదంటే, చిన్న దుకాణపాయన ఆ రెండు శాతం తను భరించడు. "కార్డైతే రెండు శాతం ఎక్కువైతది తమ్మీ" అని ముందే చెప్తడు. ఆయన మిగులు గూడ అంతంతే, ఆయనను అనేది లేదు. గని లెక్క మనం చూసుకోవాలె. 20,000 ఫ్రిజ్ కొంటున్నరు. రెండు శాతమంటే 400 ఎక్కువ. నూటికి ఒక పాయింటు, పాయింటు పావలా అనుకుంటే 200 పాయింట్లు, అంటే 50 రూపాయలు. 400 ఇచ్చి 50 తెచ్చుకున్నట్టు. అసొంటి కాడ యూపీఐల మీ ఖాతా నుంచి కట్టుడే మంచిది.

రూపే క్రెడిట్ కార్డుంటే ఒక సదుపాయం ఉంది. దాన్ని యూపీఐకి జోడించుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2022 జూన్‌ల ప్రకటించింది, అదే ఏడు సెప్టెంబర్‌ల అమల్లకు వచ్చింది. దుకాణంల క్యూఆర్ స్కాన్ చేస్తే పైసలు కార్డుల నుంచి పోతయి. చిన్న దుకాణాలల్ల 2,000 రూపాయల దాక దుకాణపాయనకు చార్జీ ఉండది, కాబట్టి ఆయన మీ దగ్గర ఎక్కువ అడిగే పనిలేదు. కిరాణం, మందుల దుకాణం, ఎరువుల దుకాణం అన్నిటికి పనికొస్తది. దోస్తుకు పైసలు పంపుతనంటే మాత్రం నడ్వది, దుకాణం పేరు మీది క్యూఆర్ కావాలె. యూపీఐ మీద కొన్ని కార్డులు తక్కువ పాయింట్లిస్తయి, కొన్ని అసలే ఇయ్యవు, అది మీ కార్డు రూల్స్‌ల ఉంటది.

పాయింట్లు రాని ఖర్చుల పట్టిక గూడ పెద్దదే. ఏటీఎంల నగదు తీస్తే రావు. పెట్రోలు, వాలెట్ల పైసలు వేసుకునుడు, ఇంటి కిరాయి, ఈఎంఐల మీద చానా కార్డులల్ల రావు. "నో కాస్ట్ ఈఎంఐ" అన్నా ప్రాసెసింగ్ ఫీజు, మిత్తి మీద జీఎస్టీ ఉంటయి, పాయింట్లు పోతయి. మా దిక్కు కొన్ని దుకాణాలల్ల కార్డు గీకి, నూటికి ఇంత కోసుకొని నగదు చేతుల పెడ్తరు. అది బ్యాంకు రూల్స్‌కు విరుద్ధం. ఆడ కోసుకున్న రెండు మూడు శాతం ముందట వచ్చే పాయింట్లు దండుగ.

టికెట్ లెక్క మనకే అక్కరకొస్తది

"విమానం టికెట్లకు వాడితే ఎక్కువ విలువ" అని చదివిన జాగల్లెల్ల అది పట్నం పెద్దోళ్ల ముచ్చట అనుకొని మనోళ్లు దాటేస్తరు. నాకు ఉల్టా అనిపిస్తది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల దిక్కు దుబాయ్‌ల, మస్కట్‌ల, దోహాల, సౌదీల మనిషి లేని వాడ ఏది? శంషాబాద్ విమానాశ్రయానికి రాత్రి పూట పోయే కార్లల్ల మన ఊర్లయి ఎన్ని ఉంటయో లెక్కలేదు. విహారయాత్రకు పోయెటోడికి టికెట్ సరదా, మనకు అది ఇంటి ఖర్చు. ఎట్లాగూ కొనే టికెట్ మీద పాయింట్లు వాడితే వచ్చేదే అసలైన విలువ.

అన్న సెలవు మీద వచ్చి మళ్ల పోతున్నడు, ఇంట్ల తమ్ముని కార్డు మీద 10,000 పాయింట్లున్నయి అనుకుందం. విమాన కంపెనీ సొంత సైటుల టికెట్ 14,000. బ్యాంకు సైటుల అదే విమానం, అదే తారీఖు 14,900 చూపెడ్తది. ఇట్ల ఎక్కువ చూపెట్టుడు మామూలే, అందుకే రెండు కాడ చూడాలె. పాయింటుకు 50 పైసల లెక్కన 5,000 తగ్గుతది. టికెట్ ధరల ఫరక్ 900 తీసేస్తే నికరంగ 4,100. పాయింటుకు 41 పైసలు వడ్డయి. అదే బిల్లుల తగ్గించుకుంటే 20 పైసల లెక్కన 2,000. తరుగు పోంగ గూడ యార్డు ధరనే ఎక్కువ. ఒగవేళ బ్యాంకు సైటుల టికెట్ 17,000 పైన ఉంటే కథ మారిపోతది, అప్పుడు కల్లం కాడ అమ్ముడే మేలు. అందుకే ప్రతిసారి గుణించుకోవాలె, ఒక్కసారి మంచిగైందని మళ్లసారి కళ్లు మూసుకొని చేయొద్దు.

కొన్ని కార్డులల్ల టికెట్ మొత్తం పాయింట్లతోటి రాదు, కొంత శాతం దాకనే ఒప్పుకుంటరు, మిగిలింది కార్డు మీద కట్టాలె. రద్దు చేసుకుంటే కోత పోను ఎంత వస్తది, పాయింట్లు తిరిగి వస్తయా అనేది ముందే చదువుకోవాలె. గల్ఫ్ తారీఖులు వీసా మీద, కఫీల్ మీద ఆధారపడి మారుతనే ఉంటయి గదా. ఇంకోటి, పేరు. మన పాస్‌పోర్టులల్ల ఇంటిపేరు ఒక గడిల, పేరు ఒక గడిల ఉంటది, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగనే ఉంటది. పాస్‌పోర్టు ముందట వెట్టుకొని అక్షరం అక్షరం అట్లనే కొట్టాలె. పాయింట్లతోటి మిగిలిన 4,000 పేరు దిద్దుబాటుకే పోయినా పోతయి.

మిత్తి ముందట పాయింటు

ఇప్పటిదాక చెప్పిందంత నెల నెల బిల్లు మొత్తం కట్టెటోళ్లకే. మొత్తం కట్టకుంటే ఈ లెక్కలు ఒక్కటి గూడ నిలవడయి.

చానా కార్డులల్ల మిత్తి నెలకు 3.5 నుంచి 3.75 శాతం. శాతాలల్ల చెప్తే చిన్నగ అనిపిస్తది. మన ఊరి భాషల చెప్పుకుందం: నూటికి మూడు రూపాయల డెబ్బై అయిదు పైసల మిత్తి. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే నాలుగు రూపాయల నలభై రెండు పైసలు. ఊర్ల రెండు రూపాయల మిత్తికి అప్పు తెస్తనంటేనే ఇంట్ల లొల్లి అయితది. మహిళా సంఘంల రూపాయి అటు ఇటుగ దొరుకుతది. నాలుగు రూపాయల మిత్తి అంటే ఊరు ఊరంత నోరు తెరుస్తది. అదే మిత్తి రంగుల యాప్‌ల ఉంటే, పక్కన పాయింట్లు మెరుస్తుంటే, ఎవలికీ మిత్తి లెక్క అనిపిస్తలేదు.

40,000 బిల్లు వచ్చింది. "కనీసం కట్టాల్సింది 2,000" అని పెద్ద అక్షరాలల్ల ఉంటది. 2,000 కట్టి ఊకున్నరు. మిగిలిన 38,000 మీద 3.75 లెక్కన ఒక్క నెలకు 1,425 మిత్తి, దాని మీద 256 రూపాయల 50 పైసల జీఎస్టీ, మొత్తం 1,681 రూపాయల 50 పైసలు. అసలైతే ఇంకా ఎక్కువనే వడ్తది, ఎందుకంటే మొత్తం కట్టకపోతే వస్తువు కొన్న నాటి నుంచి మిత్తి లెక్కగడ్తరు, ఆ తర్వాత కొత్తగ కొన్న వాటికి గూడ మిత్తి లేని రోజులు ఉండయి. ఇగ ఆ 40,000 మీద వచ్చిన పాయింట్లు? నూటికి ఒకటి చొప్పున 400. పావలా లెక్కన 100 రూపాయలు.

ఈ మిత్తి మీద ఒకప్పుడు ఒక హద్దు ఉండె. ఏడాదికి 30 శాతం దాటితే అన్యాయమని 2008ల జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకు పోయినయి. 2024 డిసెంబర్ 20 నాడు సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అంటే 42, 45 శాతానికి అడ్డు చెప్పే ఆ హద్దు ఇప్పుడు లేదు.

సిరిసిల్లల ఆర్డర్లు ఉంటే సాంచాలు రాత్రింబగళ్లు నడుస్తయి, లేకపోతే నెలల తరబడి బందు ఉంటయి. బీడీల కార్ఖానల గూడ నెలల అన్ని దినాలు పని ఇయ్యరు. గల్ఫ్‌ల కంపెనీ జీతం ఆపితే ఇంటికి పైసలు రావు. మన రాబడి గిట్ల ఆగి ఆగి వస్తది, కార్డు బిల్లు తారీఖు మాత్రం ఆగది. అందుకే నా మట్టుకు నేను చెప్పేది: ఖాతాల ఇప్పటికే ఉన్న పైసల దాకనే కార్డు గీకాలె, రేపు వస్తయన్న పైసల మీద కాదు. ఈ నెల బిల్లు మొత్తం కట్టలేమని తెలిస్తే పాయింట్ల ఆలోచన పక్కకు పెట్టి, సంఘంలనో ఇంకెక్కడనో తక్కువ మిత్తికి తెచ్చి కార్డు బాకీ తీర్చుడే లాభం. బాకీ ఉన్నన్ని రోజులు పాయింట్లు వాడుకోనియ్యని కార్డులు గూడ ఉన్నయి.

ఏడాది రుసుము లెక్క గూడ ఒకటి ఉంది. 499 రుసుము, జీఎస్టీతోటి 588 రూపాయల 82 పైసలు. నూటికి పావలా వచ్చే కార్డుల ఆ పైసలు తిరిగి రావాలంటే ఏడాదికి రెండు లక్షల ముప్పై అయిదు వేల పైన గీకాలె. లక్ష దాటితే రుసుము మాఫీ అని కొన్ని కార్డులల్ల ఉంటది. ఆ లక్ష కోసం అక్కర లేనివి కొనుడు మొదలు పెడితే రుసుము కట్టుడే అగ్గువ.

"మీ పాయింట్లు ఇయ్యాల పోతయి"

ఈ మెసేజ్ మీలో చానా మందికి వచ్చే ఉంటది. 9 వేల రూపాయల పైన విలువ చేసే పాయింట్లు ఇయ్యాల రాత్రితోటి పోతున్నయి, ఈ లింకు వత్తుండ్రి, ఈ యాప్ వేసుకోండ్రి అని. వాట్సప్‌ల ఏపీకే ఫైలు వస్తది, పైన బ్యాంకు బొమ్మ ఉంటది. అది ఫోన్‌ల వడ్డదంటే మెసేజ్‌లు, ఓటీపీలు దొంగ చేతికి పోతయి. స్టేట్ బ్యాంకు పేరు మీద తిరిగే ఇసొంటి మెసేజ్ బోగస్ అని, బ్యాంకు అట్ల లింకులు, ఏపీకేలు పంపదని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ గూడ చెప్పింది.

ఇది క్రెడిట్ కార్డు లేనోళ్ల ఇంటికి గూడ వస్తది. ఎందుకంటే స్టేట్ బ్యాంకు డెబిట్ కార్డు మీద గూడ నిజంగనే రివార్డ్జ్ అని పాయింట్లుంటయి. పాయింటుకు పావలా. మోసగాని మాటల సగం నిజముంటది కాబట్టే నమ్ముతరు. ఈడ గూడ పైసల లెక్కనే కాపాడ్తది. 9,000 రూపాయలంటే పావలా లెక్కన 36,000 పాయింట్లు. నూటికి ఒక పాయింటు అనుకున్నా ఆ కార్డు మీద 36 లక్షల రూపాయలు గీకి ఉండాలె. బీడీ పింఛన్ వడే అమ్మ ఖాతాల 36 లక్షల ఖర్చు ఎప్పుడైంది? ఈ ఒక్క ప్రశ్న ఇంట్ల పెద్దోళ్లకు చెప్పుండ్రి. పాయింట్లు చూసుకోవాలంటే బ్యాంకు సొంత యాప్ మనంతట మనం తెరిచి చూసుకోవాలె. వచ్చిన లింకు నుంచి పోవద్దు. పాయింట్లు ఖాతాల వేస్తమని ఫోన్‌ల ఓటీపీ అడిగితే అది దొంగనే.

ఒగవేళ పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలె, బ్యాంకుకు గూడ చెప్పాలె. ఆలస్యం చేస్తే పైసలు ఖాతాలు మారి మారి పోతయి. రిజర్వు బ్యాంకు 2017 జులైల పెట్టిన రూల్ ప్రకారం, మీ తప్పు, బ్యాంకు తప్పు ఏదీ లేకుంట బయటోని వల్ల పైసలు పోతే, సమాచారం వచ్చిన మూడు పని దినాలల్ల చెప్తే మీ మీద భారం వడది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాక పోయింది మీ మీదనే వడ్తది. బ్యాంకుకు చెప్పినంక పోయింది బ్యాంకు భరించాలె. అందుకే ఫిర్యాదు చేసిన టైము, నంబరు రాసిపెట్టుకోవాలె.

కార్డు బందు చేసేటప్పుడు

అక్కర లేని కార్డు ఉంటే బందు చేసుకోవచ్చు, గని ముందుగల పాయింట్లు వాడుకోవాలె. కార్డు బందైతే చానా బ్యాంకులల్ల పాయింట్లు గూడ పోతయి. బాకీ మొత్తం కట్టి బందు చేయమని అడిగినంక ఏడు పని దినాలల్ల బ్యాంకు బందు చేయాలె. చేయకపోతే ఆ తర్వాత ప్రతి దినానికి 500 రూపాయలు మీకు ఇచ్చుకోవాలె. ఇది రిజర్వు బ్యాంకు 2022ల పెట్టిన రూల్. అడగకుంటనే కార్డు ఇంటికి పంపుడు గూడ తప్పే. అట్ల వచ్చిన కార్డును మీరు ఓటీపీ చెప్పి షురూ చేయకపోతే ఖర్చు లేకుంట బందు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదే.

గల్ఫ్‌ల కార్డు తీసుకున్న అన్నలు ఖరారుగ ఇంటికొచ్చేటప్పుడు గూడ గంతే. ఆడి పాయింట్లను ఈడికి తెచ్చుకునే దారి ఎక్కువ కార్డులకు ఉండది, కాబట్టి ఆఖరి టికెట్‌కో, ఇంటికి తెచ్చే సామానుకో ఆడనే వాడెయ్యాలె. బాకీ మాత్రం దిర్హం గూడ మిగలకుంట కట్టి, బాకీ లేదని బ్యాంకు నుంచి కాయితం తీసుకొనే విమానం ఎక్కాలె. యూఏఈల కార్డు బాకీ మీద కేసు వడితే దేశం దాటకుంట ఆపే అధికారం కోర్టులకు ఉంది. మళ్ల వీసా తీసుకొని పోదామనుకున్ననాడు ఆ పాత కాయితం అక్కరకొస్తది.